పెద్ద గిటారు కొనేముందు ఒళ్లో పెట్టుకుని చూడనివ్వండి

సింగరేణి కాలరీస్ కంపెనీ ఛైర్మన్ అండ్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



నేను కాసిపేట గనిలో ఈపీ ఫిట్టర్‌ను. వయసు నలభై దాటింది. డ్యూటీ లేనప్పుడు గిటారు వాయిస్తాను. కచేరీ చేసేంత కాదు, ఇంట్లోవాళ్లు పాడుతుంటే పక్కన కార్డ్స్ పట్టేంత. ఈ ఉత్తరంలో ప్రమోషన్ ఊసు లేదు, క్వార్టర్ అలాట్‌మెంట్ ఊసు లేదు, కాబట్టి పక్కన పెట్టకుండా చివరిదాకా చదవమని మనవి. అడిగేది చిన్నదే. మన ఏరియా క్లబ్బుల్లో క్యారమ్ బోర్డుల పక్కన మూడు సైజుల గిటార్లు పెట్టించండి. నేర్పించమని అడగడం లేదు. కొనబోయేవాళ్లు ఓసారి ఒళ్లో పెట్టుకుని చూసుకునే వీలుంటే చాలు.

ఇంత చిన్న విషయాన్ని పేపరుకెక్కించడం దేనికంటారా? దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ పడ్డాయంటే మా దగ్గర బండ్లు, టీవీలతో పాటు ఈమధ్య గిటార్లూ ఇళ్లకు చేరుతున్నాయి. వాటిని కొనబోయేవాళ్ల కంట కూడా ఈ ఉత్తరం పడాలని.

మా వైపు గిటారు వినబడేది ముందు చర్చిలోనే. ఆదివారం పాటలకు వాయించే కుర్రాళ్లను చూసి పక్కింటి పిల్లలు నేర్చుకునేవారు. తర్వాత కారుణ్య నియామకాల్లో చదువుకున్న పిల్లలు డ్యూటీకి వచ్చారు. బ్యాగు భుజాన వేసుకుని హాస్టళ్ల నుంచి గిటార్లు తెచ్చుకున్నవాళ్లు. వాళ్లను చూసి ఇప్పుడు పెద్దవాళ్లకు మనసవుతోంది. సర్దార్లు, సపోర్ట్‌మన్‌లు, దిగిపోవడానికి దగ్గరపడ్డ ట్రామర్లు అడుగుతున్నారు, "తమ్మీ, నాకు ఏది కొంటే మంచిగుంటది?" అని. అడిగేలోపే సగం మంది తీర్మానం చేసుకుని ఉంటారు: "పెద్దదే కొందాం. చిన్నది పిల్లలది కదా."

ఆ మాట దగ్గరే పేచీ.

పెద్ద గిటారు ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని మీద గౌరవం తగ్గదు, కానీ భ్రమ కొంత తగ్గుతుంది. ఈ రోజు దుకాణంలో 'ఫుల్ సైజు' అని చూపించే భుజాలు వెడల్పాటి గిటారును డ్రెడ్‌నాట్ అంటారు. 1906లో నీటిలోకి దిగిన ఒక బ్రిటిష్ యుద్ధనౌక పేరది. మీరు బొగ్గు కంపెనీ పెద్దలు కాబట్టి చెప్పకుండా ఉండలేను: ఆ నౌక నడిచింది ప్రధానంగా బొగ్గు మీదే. పద్దెనిమిది బాయిలర్లు, నింపితే దాదాపు 2900 టన్నుల బొగ్గు. అప్పటికి మన ఇల్లందులో తవ్వకం మొదలై పదిహేనేళ్లు దాటింది. ఇక గిటారు సంగతి. 1916లో అమెరికాలోని మార్టిన్ కంపెనీ బోస్టన్‌కు చెందిన డిట్సన్ అనే సంగీత దుకాణదారుల కోసం చేసిన పెద్ద గిటారుకు ఆ నౌక పేరు పెట్టారు. తమ సొంత పేరుతో మార్టిన్‌వాళ్లు దాన్ని అమ్మకానికి తెచ్చింది 1931లో. మైకులు ఇంకా అందరికీ అందని కాలం. బ్యాంజో, ఫిడేలు పక్కన నిలబడి, పది మంది పాడుతుంటే ఆ గోలలో వినబడాలి. అందుకు లోపల గాలి ఎక్కువ పట్టే పెట్టె కావాలి. అంతకుముందు అదే కంపెనీ 1902లో తెచ్చిన 000 సైజు పెద్దదాని కిందే లెక్క. ఇవాళ మన దుకాణదారు దాన్నే 'మీడియం' అంటాడు. అంటే చిన్న గిటార్లను పిల్లల కోసం కుదించి చేశారనుకోవడం తప్పు. పెద్దవాళ్ల గిటారే కాలం గడిచేకొద్దీ ఉబ్బుతూ వచ్చింది.

పెట్టె పెద్దదైతే మోత పెద్దదవుతుందని మన వాద్యాలకూ తెలుసు. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరూ ఫొటోల్లో చూసే ఉంటారు, దండె కింద వేలాడే ఆ సొరకాయ బుర్రలను. తీగ ఒక్కటే పలికితే పక్కనున్నవాడికి కూడా వినబడదు, ఆ బుర్రల్లోని గాలి పలికితేనే వాకిట్లోకి వినబడుతుంది. కానీ మా ఆదిలాబాద్ ప్రధాన్‌ల కిక్రిని చూడండి. మూడు తీగలు, రొమ్ముకు ఆనించుకునేంత పెట్టె, దాని మీద రాత్రి పొడవునా గోండు దేవతల కథ నడుస్తుంది. పాట ముందుండాలి, వాద్యం పక్కనుండాలి అనుకున్నచోట చిన్న పెట్టె చాలు.

ఇప్పుడు ఫిట్టరు లెక్కలోకి వస్తాను. ఇందులో పెద్దవాళ్లు తడబడేచోట్లు మూడు నాలుగున్నాయి.

మొదటిది కొలత. ఆన్‌లైన్‌లో '38 ఇంచులు', '40 ఇంచులు', '41 ఇంచులు' అని రాసి ఉంటుంది. అది తల నుంచి తోక దాకా మొత్తం పొడవు. మన భుజానికి దానితో పని లేదు. చూడవలసినవి రెండు: కింది బొజ్జ దగ్గర వెడల్పు ఎంత, పక్కల లోతు ఎంత. 000 సైజు వెడల్పు 15 అంగుళాలు, అంటే 38 సెంటీమీటర్లు. డ్రెడ్‌నాట్ దాదాపు 40. తేడా రెండు సెంటీమీటర్లు కూడా లేదు. మరి అంత పెద్దదిగా ఎందుకనిపిస్తుంది? లోతు వల్ల. 000 లోతు పది పదకొండు సెంటీమీటర్ల మధ్య, డ్రెడ్‌నాట్‌ది పన్నెండు పైన. ఆ రెండు సెంటీమీటర్లు ఛాతీకీ ముంజేతికీ మధ్య దూరి కుడి భుజాన్ని పైకి ఎత్తి పెడతాయి. పైగా డ్రెడ్‌నాట్‌కు నడుము సన్నగా ఉండదు, తొడ మీద కాస్త పైకి కూర్చుంటుంది. ఇరవై ఏళ్లవాడికి ఇది తెలియదు. రిటైర్మెంట్ వయసు 61కి పెరిగాక, దిగిపోయిన తర్వాత తీరిగ్గా మొదలుపెడదామనుకున్న మనిషికి అరగంటలో తెలుస్తుంది. దానికితోడు పొట్ట. మా వాళ్లలో పొట్ట లేనివాళ్లను చూపించండి, చూద్దాం. సూపర్ జంబో అని ఇంకోటి ఉంది, గిబ్సన్ కంపెనీ 1937లో చేసింది, వెడల్పు 17 అంగుళాలకు కొంచెమే తక్కువ. అందంగానే ఉంటుంది, కాకపోతే ఆరడుగుల మనిషికి.

రెండోది వేళ్లు. "నా వేళ్లు లావు, అందుకే పెద్ద గిటారు కావాలి" అనేవాళ్లు చాలామంది. స్పానర్లు తిప్పిన వేళ్లు, డ్రిల్ మిషన్ పట్టిన వేళ్లు లావుగానే ఉంటాయి. కానీ వాటికి కావలసింది నెక్ వెడల్పు, దానికీ పెట్టె సైజుకూ సంబంధం లేదు. నెక్ మొదట్లో నట్ అనే చిన్న పలక ఉంటుంది. ఎక్కువ గిటార్లకు అది 43 మిల్లీమీటర్లు. కొన్నింటికి 44.5. నైలాన్ తీగల క్లాసికల్ గిటారుకు 52 దాకా. ఆ ఒకటిన్నర మిల్లీమీటరు కాగితం మీద ఏమీ కాదు, సీ కార్డ్ పట్టినప్పుడు పక్క తీగకు వేలు తగలకుండా కాపాడేది అదే. ఈ కొలత అడిగితే దుకాణంలో కొత్తగా చూస్తారు. అయినా అడగాలి.

మూడోది తీగల బిగువు. ఒకే మందం తీగను ఒకే శ్రుతికి బిగించినప్పుడు, పెట్టె మీద తీగలు కట్టే బ్రిడ్జికీ నట్‌కీ మధ్య పొడవు పెరిగితే బిగువు ఆ పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 632 మిల్లీమీటర్ల నుంచి 645కు వెళితే నాలుగు శాతం ఎక్కువ. మామూలు లైట్ సెట్ వేస్తే ఆరు తీగలూ కలిసి లాగే బలం 70 కిలోల చిల్లర. అందులో నాలుగు శాతమంటే మూడు కిలోలు. వేలి కొసకు అది తెలుస్తుంది కానీ ప్రాణం తీసేంత కాదు. పైగా పెట్టె పెద్దదైనంత మాత్రాన తీగ పొడుగు కావాలని లేదు. మన దేశంలో ఎందరో చేతిలో పట్టుకుని మొదలుపెట్టిన యమహా ఎఫ్310 చూడటానికి పెద్దదే, తీగ పొడవు మాత్రం 634. మరి కొత్తవాడి వేళ్లు నిజంగా దేనికి నొస్తాయి? నెక్ మీది మెట్లకు, అంటే ఫ్రెట్లకు, తీగలు మరీ ఎత్తుగా ఉండటం వల్ల. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద రెండున్నర మిల్లీమీటర్ల సందు ఉంటే హాయి. నాలుగుంటే శిక్ష. చౌక గిటార్లు చాలావరకు ఎత్తుగానే వస్తాయి. గిటారు పెద్దదని, తన వయసు మళ్లిందని, ఆ రెంటినీ తిట్టుకుంటూ మనిషి దాన్ని బీరువా మీదికి ఎక్కిస్తాడు. బ్రిడ్జి మీది పలకను కింద కాస్త అరగదీసి, నెక్ లోపలి ట్రస్ రాడ్‌ను అలెన్ కీతో పావు చుట్టు తిప్పితే పోయే బాధ అది. మా ఫిట్టర్లకు పది నిమిషాల పని. సైజు మీద పెట్టే ఆలోచనలో సగం దీని మీద పెట్టినా మా బీరువాల మీద ఇన్ని గిటార్లు ఉండేవి కావు.

చెవి సంగతి కూడా చెప్పాలి. శబ్దంలో ఏళ్లు గడిపిన చెవికి ముందుగా తగ్గేవి సన్నని ధ్వనులు, 4000 హెర్ట్జ్ చుట్టూ ఉన్నవి. ఫ్యాన్ల దగ్గర, లోడర్ల దగ్గర పనిచేసినవాళ్లకు పెద్ద గిటారు గుమ్ముమనే అడుగు స్వరం అంతగా నచ్చడానికి అదీ ఒక కారణమేమోనని నా అనుమానం. గిటారు అడుగు తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. డ్రెడ్‌నాట్ పెట్టెలోని గాలి వంద హెర్ట్జ్‌కు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి అడుగు స్వరాలకు దన్ను దొరుకుతుంది. చిన్న పెట్టెలో గాలి ఇంకా పైన పలుకుతుంది. ఛాతీకి తగిలే ఆ గుమ్ము ఒక్కసారి రుచి మరిగితే మరి చిన్నది నచ్చదు. అది నిజం, ఆ కోరికను నేను తప్పు పట్టను.

కానీ ఆ గుమ్ము మన క్వార్టర్ గోడలను కూడా దాటుతుంది. లైను క్వార్టర్లలో ఎప్పుడు వాయించాలో మీరే చెప్పండి. పొద్దున పదింటికి వాయిస్తే నైట్ షిఫ్టు దిగి వచ్చిన పక్కింటాయన నిద్ర. రాత్రి వాయిస్తే మొదటి షిఫ్టుకు లేవాల్సిన ఇంకొకాయన నిద్ర. వారం మారితే ఇద్దరూ అటు ఇటవుతారు. మా దగ్గర గిటారు వాయించదగిన గంట అంటూ ఒకటి గడియారంలో లేదు. ఇక్కడ చిన్న పెట్టె గుణం పక్కింటివాళ్లకు కూడా కలిసివస్తుంది. మెత్తగా మీటినా అది పలుకుతుంది. పెద్దది పలకాలంటే పైపలకను కాస్త గట్టిగా కదిలించాలి, లేదంటే ముద్దగా మూలుగుతుంది.

గట్టిగా వినబడాలంటే మైకులున్నాయి కదా. ఎడ్ షీరన్ అనే ఇంగ్లిష్ గాయకుడు మార్టిన్ వారి బుల్లి గిటార్లతో పేరు తెచ్చుకున్నాడు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ వచ్చి అంత జనాన్ని పాడించి వెళ్లాడు. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1992లో టీవీ కచేరీకి ఎంచుకున్నవాటిలో 1939 నాటి 000 సైజుది ఒకటి. పెద్దవాళ్లు చిన్నవి వాయిస్తే పరువు పోతుందనుకునేవారికి ఈ రెండు పేర్లు చాలు.

అయితే పెద్దది ఎవరికి? నా లెక్క ఇది. నలుగురితో పాడేవాళ్లకు. చర్చిలో, భజనలో, గేట్ మీటింగులో మైకు పట్టుకోకముందు పాట ఎత్తుకునేవాళ్లకు, డిసెంబర్ 23న సింగరేణి డే వేదిక మీద బృందంతో నిలబడేవాళ్లకు. నిలబడి, పట్టీ భుజాన వేసుకుని, ప్లెక్ట్రంతో ఆరు తీగల మీదా ఒక్కసారిగా కొడితే డ్రెడ్‌నాట్ ముందు 000 తేలిపోతుంది. నిలబడ్డప్పుడు భుజం బాధా సగం తగ్గుతుంది. గొంతు బరువైన మగవాళ్ల పాట కింద ఆ అడుగు స్వరం పరుపులా పరుచుకుంటుంది. కూర్చుని, వేళ్లతో మీటుతూ, తనకు తాను పాడుకునేవాడు మాత్రం ఆ బరువు మోయడం దేనికి? రెండూ చేసేవాడు చేతిలో పట్టుకుని చూసుకోవాలి, వేరే దారి లేదు.

ఆ చూసుకోవడమే మాకు కుదరడం లేదు. సోమగూడెం చౌరస్తా నుంచి మంచిర్యాల దాకా వెళితే దుకాణంలో ఉన్న ఒకటో రెండో చూపిస్తారు. పెద్దది, చిన్నది, నైలాన్ తీగలది, మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడాలంటే కరీంనగరో హైదరాబాదో పోవాలి. హైదరాబాద్ రెండొందల కిలోమీటర్ల పైమాట, అంటే ఒక మస్టర్, ఒక రోజు హాజరు, పోయినట్టే. అక్కడికి పోయినా, వెనక నలుగురు కుర్రాళ్లు సర్రుసర్రున వాయిస్తుంటే, యాభై ఏళ్ల మనిషి మూడు కార్డ్స్ తడుముకుంటూ అరగంట కూర్చోగలడా? సిగ్గు. అందుకే ఫోన్లో ఫొటో చూసి నొక్కేస్తారు. క్లబ్బులో అయితే చుట్టూ ఉన్నది మనవాళ్లే. నవ్వినా మనవాళ్లే.

బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లకు గిటారు చూడటం కొత్తగా నేర్పనక్కర్లేదు. పైకప్పును కట్టెతో తట్టి, ఖంగుమంటే గట్టిదని, డొల్లగా పలికితే పొర విడిందని చెప్పే చెవి మాది. గిటారు పైపలక మీద వేలి కణుపుతో అలాగే అక్కడక్కడా తట్టాలి. లోపల కర్ర దూలాలుంటాయి, వాటిలో ఒకటి జిగురు వదిలిందంటే ఆ చోట చప్పుడు చిరచిరమంటుంది. పైపలకే ప్రాణం, మిగతాది పెట్టె. ఈ సంగతి చూపించడానికి స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ అనే గిటార్ల వడ్రంగి 1862లో పక్కలూ వెనకా కాగితపు గుజ్జుతో కట్టి, పైన మాత్రం మంచి కర్ర పెట్టి గిటారు చేశాడు. అది పలికింది. అందుకే వెనక చెక్క రంగు చూసి మురిసిపోయేవాళ్లకు ఆయన కథ చెప్తుంటాను.

ఆ పైపలక విషయంలో మా ఎండలు కూడా లెక్కలోకి వస్తాయి. కర్ర పొడవున సాగదు, అడ్డంగా సాగుతుంది, ముడుచుకుంటుంది. ఎంత వెడల్పుంటే అంత. పెద్ద గిటారు పైపలక వెడల్పు కాబట్టి దాని కదలికా ఎక్కువ. మేలో 45 డిగ్రీల పొడి గాలికి ముడుచుకుని, జూలైలో ముసురుకు ఉబ్బుతుంది. ఒకే చెక్కతో చేసిన సాలిడ్ టాప్ స్వరం బాగుంటుంది, ఖరీదూ ఎక్కువే, పైగా దానికి సంచీలో తడి స్పాంజి పెట్టే ఓపిక ఉండాలి. ఆ ఓపిక లేనివాడు చౌకలో దొరికే ప్లై పైపలకది తీసుకుంటే మేలు, అది ఇంత ఆగం కాదు. ఏదైనా సరే, ఎయిర్ కూలర్ ముందు మాత్రం పెట్టొద్దు. మనం చల్లగా ఉన్నామని గిటారూ అక్కడే ఉండాలనుకుంటాం, దానికి అది వరద.

ఇక మీరు చేయవలసింది. మూడు గిటార్లు, నా అంచనాలో ఒక క్లబ్బుకు ముప్ఫై అయిదు వేలు మించవు. ఆటలకూ సాంస్కృతిక పోటీలకూ కంపెనీ పెట్టే ఖర్చులో ఇది కనబడను కూడా కనబడదు. ఇండెంట్‌లో 'గిటార్, 41 ఇంచులు, మూడు' అని మాత్రం రాయనివ్వకండి, మూడూ ఒకే కొలతవి వచ్చి కూర్చుంటాయి. ఒకటి కింది వెడల్పు 38 సెంటీమీటర్లు, లోతు 11 లోపు, నట్ 44 మిల్లీమీటర్ల దరిదాపు. రెండోది డ్రెడ్‌నాట్, వెడల్పు 40, లోతు 12. మూడోది నైలాన్ తీగల క్లాసికల్. మూడింటికీ తీగల ఎత్తు సరిచేసి పెట్టాలి, లేకపోతే చూసుకునేవాళ్లు మళ్లీ సైజునే తిడతారు. ఆ పని మా ఫిట్టర్లం డ్యూటీ తర్వాత చేసిపెడతాం, ఓటీ అడగం. కొలుచుకోవడానికి ఒక టేపు, చేతులు లేని కుర్చీ ఒకటి కావాలి. చేతులున్న కుర్చీలో కూర్చుంటే ఏ గిటారూ ఒళ్లో కుదరదు. పెద్దదానికి పట్టీ తప్పనిసరి, నిలబడి చూడకుండా దాన్ని కాదనడం అన్యాయం. వచ్చినవాళ్లు పేరు రాసి అరగంట వాయించుకునేలా రిజిస్టరు ఉంటే గొడవలుండవు.

ప్రారంభోత్సవం అక్కర్లేదు. తాళం మాత్రం మొదటి షిఫ్టు దిగే వేళకూ రెండో షిఫ్టు ఎక్కేముందూ తీసి ఉండేలా ఒక సర్క్యులర్ ఇప్పించండి. కాసిపేట వాళ్లకు మందమర్రి క్లబ్బు దాకా పోవడం కష్టం కాదు, తాళం చూసి తిరిగి రావడమే కష్టం.

ఇట్లు,
మీ గని కార్మికుడు,
కాసిపేట, మంచిర్యాల జిల్లా